ఇంటి వర్తకమునకు వెబ్‌సైటు

మా వదినగారి వర్తకమును గూర్చి వ్రాయుటకు వారు నాకు అనుమతి నొసగిరి గాని, పేరు మాత్రము వ్రాయవలదనిరి. వారు మావారికి అక్కగారు. భర్త గతించి మూడేండ్లయినది. ఇంటరు చదువుచున్న కుమారు డొక్కడు, గోదావరి కాలువగట్టున రెండు గదుల పెంకుటిల్లు, చేతిలో అమ్మమ్మగారి నాటి వంటనేర్పు, ఇదియే వారి యాస్తి. మొదట ఇరుగుపొరుగులకు కందిపొడియు, నల్లకారమును చేసి యిచ్చుచుండిరి. పిమ్మట ఆ యిరుగుపొరుగుల బిడ్డలు హైదరాబాదునుండియు, బెంగళూరునుండియు అడుగసాగిరి. గుమ్మడి వడియములు, మినపవడియములు, చల్లమిరపకాయలు, కరివేపాకుపొడి చేరి పట్టిక పెరిగినది.

ఆర్డరులన్నియు వాట్సాపులోనే వచ్చుచుండెను. ఒక సీమంతమునకు కావలసిన వడియముల ఆర్డరు, శుభోదయపు సందేశముల నడుమను, బంధువుల పెండ్లి ఫొటోల నడుమను మునిగిపోయి, నాలుగు దినముల పిమ్మట కంటబడినది. అప్పటికి సీమంతము జరిగిపోయినది. ఆ యింటివారు మరల పిలువలేదు. వదినగారు ఆ రాత్రి భోజనము చేయలేదు. వారము తిరుగకుండ తమ పెండ్లినాటి జూకాల నమ్మి 60,000 రూపాయలు తెచ్చి నా యెదుట నుంచి, "అమ్మాయీ! నాకొక వెబ్‌సైటు కావలెను. ఎట్లు చేయింతువో చేయింపుము" అనిరి.

నేను బడిలో చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటివద్దనే భారత భాగవతములును, కొన్ని ప్రబంధములును చెప్పించిరి. కంప్యూటరును బడిపంతులైన మావారి ప్రక్కన కూర్చుండి, బడి లెక్కలు టైపు చేయుచు నేర్చుకొంటిని. అట్టిదానికి ఇంత బరువైన సొమ్ము అప్పగించిరే యని గుండె దడదడలాడెను. పట్టణమునుండి వచ్చిన యొక పెద్దమనిషి 45,000 రూపాయలకు నలుబది పుటల వెబ్‌సైటు కట్టి యిత్తుననియు, అందు బొమ్మలు కదలుచుండుననియు చెప్పెను. నలుబది పుటలలో ఏమి వ్రాయుదురని యడిగితిని. "అది మీరే యియ్యవలెనండి" అనెను. అమ్ము సరుకులు ఆరు. ఆరింటికి నలుబది పుటలు! ఆయనను మర్యాదగా కాఫీ యిచ్చి పంపివైచితిమి.

అప్పుడు నాకు దశకుమారచరిత్రములోని గోమిని కథ జ్ఞప్తికి వచ్చినది. దండి సంస్కృతమున వ్రాసిన యా కథలను పదమూడవ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనగారికి అంకితమిచ్చినాడు. కాంచీపురపు వర్తకుని కుమారుడు ప్రస్థెడు ధాన్యము కొంగున కట్టుకొని, దీనితోనే నాకు కడుపార భోజనము పెట్టగల కన్య యెవరని ఊరూర తిరుగును. గోమిని ఆ ధాన్యమును ఎండబెట్టి, ఊక చెదరకుండ దంచి, ఆ యూకను నగలకు మెరుగు పెట్టుటకు కంసాలులకు అమ్మించి, వచ్చిన కాసులతో కట్టెలును కుండయును తెప్పించినది. వంటయైన పిమ్మట బొగ్గులను సైతము ఆర్పి అమ్మించి, కూరలు, నేయి, పెరుగు సమకూర్చినది. పెండ్లి పరీక్షగా ఆ కథను మెచ్చువారు మెచ్చుకొందురు గాక, నాకు మాత్రము అందు నచ్చినది ఆమె లెక్క. చేతిలోనున్నది ఎంత, దానిలో దేనిని ముందు చేయవలెను, దేనిని తరువాత చేయవలెను అను వివేకము. వదినగారి జూకాల సొమ్ము మాకు ఆ ప్రస్థెడు ధాన్యము వంటిది.

కంప్యూటరును తాకకుండ గళ్ళ నోటుపుస్తకమును ముందుంచుకొని కూర్చుంటిమి. "ఈ యంగడికి ఎవరు వత్తురు, వదినా?" అని యడిగితిని. "అందరును" అనిరి. అందరకు పనికివచ్చు మాట ఎవ్వరికిని సూటిగా తగులదని నా యభిప్రాయము. ఎంత వాదించినను తేలలేదు. తుదకు వారి ఫోను తీసికొని, నెలదినములుగా వచ్చిన సందేశములను ఒక్కొక్కటిగ చదివి, అడిగిన ప్రశ్నలను కాగితముమీద గీతలు గీసి లెక్కించితిని. ధర యెంత, బరువెంత అనునవి ఉండనే ఉన్నవి. అన్నిటికంటె మిక్కుటముగ వచ్చిన ప్రశ్న ఏదో తెలియునా? వెల్లుల్లి వేసితిరా లేదా యని! పిమ్మట ఎన్నాళ్ళు నిలువ యుండును, చిన్నపిల్లలు తినగల కారమేనా, శుక్రవారమునకు చేరునా. ఇంత చూచిన తరువాత మా వెబ్‌సైటు రూపము దానంతట అదియే తేలినది. అడుగబడు ప్రశ్నకు అడుగకముందే సమాధానము కనబడవలెను. వెల్లుల్లి కలదు, వెల్లుల్లి లేదు అను మాట ప్రతి సరుకు పేరు ప్రక్కనే, పెద్ద అక్షరములలో ఉండవలెను.

క్రొత్తగా వ్యాపారము పెట్టుకొను సోదరీమణులు తక్కిన దంతయు మరచినను ఈ పనిని మాత్రము చేయుదురు గాక. కుట్టుపని వారికి "కొలతలు ఎట్లు పంపవలెను" అనునది మొదటి ప్రశ్న కావచ్చును. సంగీతపాఠములు చెప్పువారికి "ఎన్ని గంటలకు" అనునది కావచ్చును. అది ఎవరి ఫోనులో వారికి దొరకును.

పుటలు ఆరు సరుకులకు ఆరు, మొదటి పుట యొకటి, మమ్ముగూర్చి యొకటి, పంపకమును గూర్చి యొకటి, చిరునామా యొకటి, అంతే. సరుకు పుటలలో వదినగారు నోటితో చెప్పినదానిని నేను వ్రాసికొంటిని. మొదట వారు పత్రికల ప్రకటనలవలె "అత్యుత్తమమైన నాణ్యతతో" అని చెప్పబోయిరి. నేను కలము క్రింద పెట్టి, "వదినా, కందిపొడి ఎట్లు చేయుదురో నాకు చెప్పుడు" అంటిని. అప్పుడు కందిపప్పును ఎంత సన్నసెగమీద ఎంతవరకు వేయించవలెను, వేయించినది చల్లారకుండ దంచినచో ఏమగును, జీలకర్ర ఎప్పుడు వేయవలెను, అని గుక్కతిప్పుకొనకుండ చెప్పిరి. అదియే పుటకెక్కినది. రహస్యము బయటపడునని మావారు భయపడిరి గాని, చేయి తిరిగినవారి చేతిలోనున్నది కాగితము చదివినంత మాత్రమున ఇతరులకు రాదు.

ఫొటోల సంగతి. పట్టణపు పెద్దమనిషి ఇంటర్నెట్టులో దొరకు బొమ్మలు పెట్టుదమని చెప్పియుండెను. పరులు తీసిన ఫొటోపై హక్కు వారిది, అడుగక వాడుట తప్పు. అంతకంటెను, బొమ్మలో నొక రంగు, పొట్లములో నొక రంగు కనబడినచో కొన్నవారు మరల వత్తురా? ప్రొద్దుటి వెలుతురు తగులు కిటికీ దగ్గర తెల్లని పంచె పరచి, ఇత్తడి పళ్లెములో సరుకు పోసి, వదినగారి కుమారుని ఫోనుతోనే తీయించితిమి. పరిమాణము తెలియుటకు ప్రక్కన నొక చెంచా ఉంచితిమి. ఫోనులో తీసిన ఫొటో మూడు నాలుగు మెగాబైట్లుండును. దానిని 200 కిలోబైట్లకు తగ్గించినను ఫోను తెరపై తేడా కనబడదు. తగ్గింపక పెట్టినచో పుట తెరచుకొనుటకు ఆలస్యమగును. చూచువారిలో పెక్కుమంది చేతిలో నుండునది ఫోనే గాని కంప్యూటరు గాదు. కావున ప్రతి పుటను ముందు ఫోనులోనే చూచి సరిదిద్దితిమి.

పేరు విషయమున మూడు దినములు తగవులాడితిమి. వదినగారికి ఇలవేలుపు పేరును, గతించిన అత్తగారి పేరును కలిపి పెట్టవలెనని కోరిక. అది పలుకుటకు ఇంపుగనే యున్నది గాని, ఆంగ్లాక్షరములలో వ్రాయుమన్నచో మా యింటిలోని నలుగురు నాలుగు విధములుగ వ్రాసిరి. తెలుగు దీర్ఘములకును, ఒత్తులకును ఆంగ్లమున స్థిరమైన గుర్తులు లేవు గదా. ఫోనులో చెప్పగా విని తప్పులేకుండ వ్రాసికొనగల పేరే చిరునామాకు తగినది. తుదకు అత్తగారి పేరు మాత్రము, రెండక్షరములది, నిలిచినది. వెనుక డాట్ ఇన్ అను తోకను కోరుకొంటిమి. ఇది మన దేశపు తోక. దీని నిర్వహణ నిక్సీ యను సంస్థ చూచుచుండును. తెలుగులిపిలోనే డాట్ భారత్ అను తోకయు కలదు. తెలుగు మీట తెలియని ఫోనులవారికి కష్టమని దానిని తరువాతికి వాయిదా వేసితిమి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చిరునామా కొనుట యందురు గాని, నిజమునకు అది ఏటేట చెల్లించు అద్దె. మొదటి ఏడు చౌకగా నిచ్చి రెండవ ఏట పెంచువారు కలరు గనుక, రెండవ యేటి వెల ముందుగనే అడుగవలెను. అంతకంటె ముఖ్యము, అది ఎవరి పేర నున్నది యనునది. మా చెల్లెలు కుట్టుదుకాణమునకు వెబ్‌సైటు చేయించుకొన్నప్పుడు, చేసినవాడు చిరునామాను తన పేరనే, తన ఈమెయిలుతోనే రిజిస్టరు చేయించుకొనెను. మూడేండ్ల తరువాత మాటపట్టింపు వచ్చినప్పుడు ఇయ్యననెను. రవికల సంచులమీద అచ్చువేయించిన చిరునామా, కొనువారికి నోటికి వచ్చిన చిరునామా, అంతయు పోయినది. చెల్లెలు మరల మొదటినుండి మొదలు పెట్టవలసి వచ్చినది. అందుచేత వదినగారి పేర, వదినగారి ఈమెయిలుతో, వదినగారి ఫోనుకు వచ్చిన ఓటీపీతో, వారి చేతనే రిజిస్టరు చేయించితిని. సంకేతపదములు వ్రాసిన కాగితము ఇంటి దస్తావేజులతో కలిసి పెట్టెలో నున్నది.

ఇక చట్టము. దీనిని చదువునప్పటికి నాకే నిద్ర వచ్చినది గాని, వదినగారి భవిష్యత్తు దీనిమీదనే ఆగినది. తినుబండారము లమ్మువారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారివద్ద నమోదై, వారిచ్చు 14 అంకెల సంఖ్యను పొట్లముపై వేయవలెను. పొట్లము కట్టి అమ్ము సరుకునకు బరువు, గరిష్ఠపు ధర, తయారైన నెల, చేసినవారి చిరునామా ఉండవలెననునది తూనికలు కొలతల శాసనపు నియమము. వెబ్‌సైటులో అమ్మునప్పుడు వీనిలో చాలవరకు తెరమీదను చూపవలెను. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము అంగడివారి పేరు, చిరునామా, సరుకు వాపసు పద్ధతి, ఫిర్యాదుల నాలకించు అధికారి పేరు కనబడవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. "నా పొడులకు నేనే అధికారినా!" అని వదినగారు చాలనాళ్ళకు నవ్విరి.

ఆ నవ్వు ఎంతో సేపు నిలువలేదు. పన్నుగల సరుకును రాష్ట్రము దాటించి అమ్మువారికి, అమ్మకము ఎంత స్వల్పమైనను, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను కావలెను. నిర్ణీతమైన కొన్ని హస్తకళావస్తువులకు సడలింపు కలదు గాని, పొడులు హస్తకళలు కావు. (వదినగారు దీని నొప్పుకొనరు.) మేమున్నది ఆంధ్రప్రదేశము. కొనువారి బిడ్డలున్నది తెలంగాణమునను, కర్ణాటకమునను. 2014కు పూర్వమైనచో హైదరాబాదు మన రాష్ట్రమే గదా యని వదినగారు నిట్టూర్చిరి. వెబ్‌సైటు సిద్ధముగా నున్నను తలుపు తెరువరాదని ఆడిటరుగారు ఖండితముగ చెప్పిరి. ఏ సరుకునకు పన్ను కలదో, దేనికి లేదో వారే పట్టిక వ్రాసి యిచ్చిరి. ఈ వ్యవహారమునకు పట్టిన కాలము వెబ్‌సైటు కట్టుటకు పట్టినదానికి రెట్టింపు. మొదటనే ఆడిటరు నడిగియుండిన బాగుండెడిది. అది నా లోపము.

కట్టుబడికి మూడు దారులు తోచినవి. నెలనెల అద్దె చెల్లించి సిద్ధముగానున్న అంగడిని తీసికొనుట, షాపిఫై వంటివారు ఇచ్చునది, మొదటి దారి. వర్డ్‌ప్రెస్ అను ఉచితమైన సాధనమును తీసికొని, దానికి వూకామర్స్ అను అంగడి భాగమును తగిలించి, చోటుకు మాత్రము అద్దె కట్టుట రెండవది. మొత్తము ఇతరులచే క్రొత్తగా వ్రాయించుట మూడవది. ఆరు సరుకులకు మూడవదానితో పనిలేదు. మొదటిది సులువు. కాని అమ్మకము లేని వానకాలమునకు సైతము అద్దె కట్టవలెను. రెండవదానిని మా యూరి అమ్మాయి, డిగ్రీ చదివి ఇంటనే యున్నది, 9,000 రూపాయలకు చేసియిచ్చినది. చిరునామా, చోటు అద్దె, త్రాసు, పొట్లములపై అంటించు కాగితములు, ఆడిటరుగారి రుసుము, అన్నియు కలిపి 27,000 దాటలేదు. మిగిలిన 33,000లో 20,000 పోస్టాఫీసులో వేసి, తక్కినది పప్పులకును మిరపకాయలకును వాడితిమి. సొమ్మంతయు వెబ్‌సైటునకే పోసి, సరుకు కొనుటకు చేతిలో చిల్లిగవ్వ లేని వారిని నే నెరుగుదును.

చెల్లింపు విషయమున మావారితో భేదము వచ్చినది. కార్డులు మొదలైన వన్నియు స్వీకరించు ఏర్పాటుండవలెనని వారు. అట్టి ఏర్పాటు చేయువారు సాధారణముగ నూటికి రెండు రూపాయల వంతున తీసికొందురు. 250 గ్రాముల పొట్లము 180 రూపాయలు. పప్పు, మిరప, గ్యాసు, పొట్లము పోను వదినగారికి మిగులునది 50 రూపాయలు. నూటికి రెండన్నచో అమ్మకములో స్వల్పమే, లాభములో చూచినచో చెప్పుకొనదగినంత. 2016లో మొదలైన యూపీఐ మార్గమున ఖాతానుండి ఖాతాకు నేరుగా వచ్చుసొమ్మునకు ఈ కోత లేదు. మొదటి ఆరు నెలలు అంతమాత్రమే చాలునని నా మాట నెగ్గినది. కొరియరు ఖర్చు సరుకు ధరలో కలుపక వేరుగా చూపితిమి. తుదిమెట్టున ఉన్నట్టుండి కనబడు ఖర్చు కొనువారికి కోపము తెప్పించును గనుక, దానిని మొదటి పుటలోనే చెప్పితిమి.

పుటలు తెలుగున నుండవలెనా, ఆంగ్లమున నుండవలెనా అనినప్పుడు రెండును అంటిని. బెంగళూరిలో పుట్టిన మనుమరాలు తెలుగు చదువలేదు, కాని అమ్మమ్మ యింటి రుచి అడుగును. గూగులులో వెదకువారు పెక్కుమంది తెలుగు పేరునే ఆంగ్లాక్షరములతో వ్రాయుదురు. అందుచేత ప్రతి సరుకు పేరును ఆ రెండు లిపులలోను వ్రాసితిమి. బొమ్మమీద అచ్చువేసిన పేరును వెదకు యంత్రములు నమ్మకముగ చదువవు, అక్షరములుగనే టైపు చేయవలెను. తెలుగక్షరములకు "పోతన" అను పేరుగల ఫాంటు కలదు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు దానిని రూపొందించి అందరకు ఉచితముగ నిచ్చిరి. భాగవతమును రాజులకు అమ్మనొల్లని పోతన పేరిట అక్షరములతో అంగడి పలక వ్రాయుట తగునా యని నాకొక క్షణము సందేహము కలిగినది. ఆ మహాకవి సేద్యము చేసికొని బ్రదికినాడని చెప్పుదురు గదా, వదినగారును కష్టించియే తినుచున్నారని సమాధానపడితిని.

అందరకును వెబ్‌సైటు కావలెనని నేను చెప్పను. ఊరిలోనే అమ్ముకొనువారికి గూగులు మ్యాపులో దుకాణమును ఉచితముగ నమోదు చేసికొనుటయు, వాట్సాపు బిజినెసులో సరుకుల పట్టిక పెట్టుకొనుటయు చాలును. మావద్దకు వచ్చి యడిగిన ముగ్గురిలో ఇద్దరకు నేను ఇదియే చెప్పి పంపితిని.

అంగడి మాఘమాసమున తెరచుకొన్నది. సరిగా వడియములకు ఎండ ముదురు కాలము. ఇదియు తలచి చేసినదే. తెరచుటకు ముందు చిన్న చిక్కు వచ్చినది. వెబ్‌సైటు చేసిన అమ్మాయి, వానకాలమున వడియములు దొరకనప్పుడు చూపుటకు "సరుకు లేదు" అని వ్రాసియుంచినది. వదినగారు అంగీకరింపలేదు. "లేదన్నమాట నా యంగడిలో ఉండరాదు. సరుకు లేకపోవుట నా లోపమువలె నుండును. ఎండ లేదని వ్రాయుము" అనిరి. ఆ అమ్మాయి నవ్వుచునే మార్చినది. ఇప్పుడు ఆ పుటలో "ఎండ లేదు. ఎండలు వచ్చినంతనే పెట్టెదము. మీ ఫోను నంబరు ఇచ్చిన తెలుపుదుము" అని కనబడును. నిన్న మధ్యాహ్నము ఉన్నట్టుండి మబ్బు పట్టినది. డాబామీద పంచెనిండ గుమ్మడి వడియములు. వదినగారును, కుమారుడును వానిని లోనికి చేర్చి, వెంటనే నాకు ఫోను చేసి, "అమ్మాయీ, ఆ మాట పెట్టుము" అనిరి. నేను మా యింటినుండియే పెట్టితిని. సాయంకాలమునకు మరల ఎండ కాసినది, తీసివేసితిని. ఈ మధ్యలోనే పదునొకండుగురు తమ నంబరు లిచ్చియుండిరి.